హైన్రిఖ్ తర్వాత హైన్రిఖ్: రోయిస్ వంశపు వారసత్వం



రాజుల వరుస అనగానే పాఠ్యపుస్తకం చివరి పట్టిక గుర్తొస్తుంది. ఈ సాయంత్రం మీ ముందు పెడుతున్న పట్టికలో మాత్రం అచ్చుతప్పులు పడ్డాయేమో అనిపిస్తుంది. జర్మనీలో, తురింగియా ప్రాంతంలోని ష్లైట్జ్‌లో 1818లో 62వ హైన్రిఖ్ గద్దెనెక్కాడు. 1854లో ఆయన తమ్ముడు 67వ హైన్రిఖ్ వచ్చాడు. 1867లో ఆ తమ్ముడి కొడుకు 14వ హైన్రిఖ్, 1913లో ఆ 14వ వాడి కొడుకు 27వ హైన్రిఖ్.

ఇది రోయిస్ వంశం. పన్నెండో శతాబ్దపు చక్రవర్తి ఆరవ హైన్రిఖ్ మీది గౌరవంతో ఆ ఇంట పుట్టిన ప్రతి మగబిడ్డకూ ఆయన పేరే పెట్టేవారంటారు. అంకె వేసేది పుట్టిన వరుసను బట్టి; దానికీ గద్దెకూ సంబంధం లేదు. పెద్ద శాఖవారు నూరు దాకా లెక్కపెట్టాలనుకున్నారు. చిన్న శాఖవారు శతాబ్దం మారగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. ఉయ్యాలలోనే కన్నుమూసిన బిడ్డకూ అంకె ఉండేది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అసలు సంగతి ఆ అంకెల వెనక ఉంది. కొడుకులందరికీ ఒకే పేరు పెట్టినట్టే, కొడుకులందరికీ భూమీ పంచారు. 1564లో ముగ్గురు అన్నదమ్ములు విడిపోయి పెద్ద, మధ్య, చిన్న శాఖలయ్యారు. 1616లో మధ్య శాఖ అంతరించింది. చిన్న శాఖ కూడా ఒకప్పుడు దారం మీద వేలాడింది. 1572 ఏప్రిల్‌లో దాని అధిపతి మరణించేనాటికి వారసుడు ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. జూన్‌లో పుట్టిన ఆ బిడ్డే చరిత్రలో హైన్రిఖ్ పోస్ట్యుమస్, అంటే తండ్రి పోయాక పుట్టిన హైన్రిఖ్. గేరా పట్టణాన్ని వృద్ధిలోకి తెచ్చినవాడు, సంగీతప్రియుడు. బతికుండగానే తన శవపేటిక చేయించుకుని, దాని మీద రాయవలసిన బైబిల్ వాక్యాలను తానే ఎంచుకున్నాడు. 1635లో ఆయన పోయాక సంగీతకర్త హైన్రిఖ్ ష్యుట్జ్ ఆ వాక్యాలకే స్వరాలు కట్టాడు. ఆ సంగీతాన్ని ఇప్పటికీ పాడుతున్నారు. అంత ముందుచూపున్న మనిషి రాజ్యం కూడా 1647లో కొడుకుల మధ్య గేరా, ష్లైట్జ్, లోబెన్‌స్టైన్, జాల్‌బుర్గ్ అని నాలుగు ముక్కలైంది. లోబెన్‌స్టైన్ 1678లో మరో మూడుగా చీలింది.

1690లో జ్యేష్ఠుడికే రాజ్యమన్న నియమం పెట్టుకున్నారు. అది కొత్త పంపకాలను ఆపగలిగింది గానీ, విడిపోయినవాటిని కలపలేదు. కలిపింది ఎక్కువగా మరణమే. 1802లో గేరా శాఖకు, 1824లో లోబెన్‌స్టైన్ శాఖకు వారసులు లేకపోయారు. 1848లో విప్లవం తాకిడికి, లోబెన్‌స్టైన్ చీలికల్లో ఒకటైన ఎబెర్స్‌డోర్ఫ్ ప్రభువు 72వ హైన్రిఖ్ గద్దె దిగిపోతే, అంతా ష్లైట్జ్‌లోని 62వ హైన్రిఖ్ చేతికొచ్చింది. ఈ రాజ్యనిర్మాణంలో యుద్ధవిజయాల పాత్ర స్వల్పమనే నా అభిప్రాయం.

పట్టికలో ఆడవాళ్ల పేర్లు కనబడవు. ఎబెర్స్‌డోర్ఫ్‌లో పుట్టిన అవుగుస్తా, విక్టోరియా రాణికి అమ్మమ్మ, ఆమె భర్త ఆల్బర్ట్‌కు నాయనమ్మ. 1877లో మన తాతముత్తాతలకు చక్రవర్తిని అయింది ఆ విక్టోరియాయే. పెద్ద శాఖకు రాజధాని గ్రైట్జ్. అక్కడ 1859లో పదమూడేళ్ల 22వ హైన్రిఖ్‌కు పట్టం దక్కితే, తల్లి కరోలీన్ రాజ్యం నడిపింది. 1866లో ఆస్ట్రియా, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధంలో ఆమె ఆస్ట్రియా పక్షం వహించింది. ప్రష్యా సైన్యం వచ్చి గ్రైట్జ్‌ను ఆక్రమించింది. కొడుకు జీవితాంతం ప్రష్యాను ద్వేషించాడు. విధివిలాసమేమంటే, ఆయన కూతురు హెర్మీనే 1922లో పదవి పోయిన ప్రష్యా రాజు, జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌ను పెళ్లాడింది.

22వ హైన్రిఖ్‌కు అయిదుగురు కూతుళ్లు, ఒకే ఒక్క కొడుకు. ఆ 24వ హైన్రిఖ్ పాలించగల స్థితిలో లేడు. అందుకే 1902 నుంచి ఆయన తరఫున చిన్న శాఖవారే పాలించారు. 1918లో రెండు గద్దెలూ పోయాయి. 1927లో 24వ హైన్రిఖ్‌తో పెద్ద శాఖ ముగిసింది. నూరు దాకా లెక్కపెడదామనుకున్నవారు ఇరవైనాలుగు దగ్గరే ఆగిపోయారు. 27వ హైన్రిఖ్ కొడుకు 45వ హైన్రిఖ్‌ను 1945లో సోవియట్ అధికారులు పట్టుకుపోయారు, ఆయన తిరిగిరాలేదు.

1564లో విడిపోయిన రోయిస్ భూములు 1919లో, ప్రభువులు లేని ప్రజారాజ్యంగా, మళ్లీ ఒక్కటయ్యాయి. 1920లో అవి తురింగియా రాష్ట్రంలో కలిశాయి.