పాత సౌరఫలకములు - ఇంటికి వేన్నీళ్ళు
(సంఘ శీతకాల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాహిత్యమును గురించియో, సంగీతమును గురించియో మాట్లాడుట మన ఆనవాయితీ. నేడు నన్ను వేన్నీళ్ళను గురించి మాట్లాడుమని కార్యదర్శిగారు ఆదేశించినారు. నేను ఇంజనీరును కాను. చరిత్ర ముఖ్యపాఠ్యముగా బి.ఏ. చదివి, దస్త్రములపై వ్యాఖ్యలు వ్రాసుకొను ఉద్యోగిని. అయినను, ఢిల్లీ పుష్యమాసములో తెల్లవారుజామున కుళాయి క్రింద చేయి పెట్టిన ప్రతివానికిని ఈ విషయముపై మాట్లాడు అర్హత కలదని నా నమ్మకము.

'సోలార్ కలెక్టరు' అనగానే మన కచేరీలవారికి జిల్లా కలెక్టరు జ్ఞప్తికి వచ్చుట సహజము. నేను చెప్పబోవునది ఎండను వసూలు చేయు కలెక్టరును గురించి. అందులోను ఒకచోట ఉద్యోగము చేసి విరమించిన కలెక్టరును గురించి. ఆయనకు మన డాబాపై పునర్నియామకము ఇయ్యవచ్చునా, ఇయ్యరాదా అనునదే నేటి ప్రశ్న.

మొదట ఆయన వంశచరిత్ర కొంచెము చెప్పెదను. పసిబిడ్డ స్నానమునకు ఇత్తడి బిందెతో నీళ్ళు పెరటి ఎండలో పెట్టుట మన ఇండ్లలో అమ్మమ్మలు ఎరిగిన పనియే. బిందె ఎండకు వేడెక్కును. గాలికి ఆ వేడి పోవును. పోవు వేడిని గాజుపలకతో అడ్డగించవచ్చునని 1767లో జెనీవా పండితుడు సొస్యూరు గాజు మూతల పెట్టెను చేసి చూపినాడు. ఆ పెట్టెలోని వేడి నీరు మరుగు వేడిని మించినది. 1878లో బొంబాయిలో డిప్యూటీ రిజిస్ట్రారుగా నుండిన విలియం ఆడమ్స్ ఉష్ణదేశములలో సౌరతాపమును వంటచెరకునకు బదులుగా వాడుటను గురించి ఒక గ్రంథమే ప్రకటించినాడు. కచేరీ ఉద్యోగికి ఇట్టి విషయములెందుకని ఎవరైన అడిగినచో, ఆ పెద్దమనిషిని మీరు సాక్ష్యముగా చూపవచ్చును. 1909లో అమెరికాలో బెయిలీ అను ఆయన ఎండ తగులు పలకను, నీరు నిలుచు తొట్టిని వేరుచేసి, తొట్టికి వెచ్చని కప్పు తొడిగినాడు. అప్పటినుండి పగటి వేడి మరునాటి ఉదయమునకు మిగులుట సాధ్యమైనది. నేడు మన డాబాలపై కనుపించు యంత్రము ఆయన పద్ధతిదే.

ఇక లెక్క చూతము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు ఒక కిలోకేలరీ కావలెను. నలుగురున్న ఇంటికి 100 లీటర్ల నీటిని 15 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు తెచ్చుటకు 3,000 కిలోకేలరీలు అవసరము. ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలోకేలరీలకు సమానము గనుక, అది దాదాపు మూడున్నర యూనిట్లు. 2,000 వాట్ల గీజరు గంటా ముప్పావు పనిచేయవలెను. నాలుగు నెలల చలికాలమునకు ఇది 420 యూనిట్లగును. ఇప్పుడు రెండు చదరపు మీటర్ల పలకను తీసికొనుడు. నిర్మలమైన దినమున వాలుగా నిలిపిన ఆ పలకపై చదరపు మీటరునకు నాలుగు యూనిట్ల ఎండ పడినదనుకొని, అందులో సగమే నీటికి చేరినదనుకొన్నను, నాలుగు యూనిట్లు మనకు దక్కును. పొగమంచు కమ్మిన దినములలో ఈ లెక్క చెల్లదు. కావున గీజరును పూర్తిగా పంపివేయుడని నేను చెప్పను. దానిని సెలవుపై పంపుడని మాత్రము చెప్పుదును.

ఫాల్గుణములో నీరు 60 డిగ్రీలకు చేరినపుడు 100 లీటర్ల వేడి నీటికి 20 డిగ్రీల చన్నీరు మరి 100 లీటర్లు కలిపినచో 200 లీటర్లు 40 డిగ్రీల స్నానజలమగును. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అను సామెత ఇచ్చట అక్షరాల నిజము. అయితే 60 డిగ్రీల నీరు కొన్ని క్షణములలోనే చర్మమును కాల్చును. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇండ్లలో బకెట్టులో ముందు చన్నీరు పోసి, పిమ్మట వేడి నీరు పోయుట నియమముగా పెట్టుకొనవలెను.

పాత ఫలకములు ఎచ్చటినుండి వచ్చుచున్నవి? పాత భవనములు కూల్చినపుడు, వసతిగృహములవారు యంత్రములను మార్చినపుడు అవి బయటపడుచున్నవి. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము ఆరంభమైన పిదప విద్యుత్తును పుట్టించు పలకలకు చోటు చేయుటకై వీనిని దింపువారును ఉన్నారు. దింపిన ఫలకము పాత సామానుల వర్తకుని చేతికి పోవును. అతని దృష్టి దానిలోని రాగిపై నుండును. రాగి తూకము ధరకు పైగా కొంచెమిచ్చినచో అతడు దానిని ముక్కలు చేయక మనకిచ్చును. బేరమాడునపుడు ఈ రహస్యము జ్ఞాపకముంచుకొనుడు.

ఫలకములు రెండు జాతులు. మొదటిది సమతల ఫలకము: అల్యూమినియము పెట్టె, పైన గట్టి గాజు, లోపల నల్లని పూతగల రాగి రేకు, రేకునకు అతికిన అర అంగుళపు నిలువు గొట్టములు, క్రిందను మీదను అంగుళపు అడ్డ గొట్టములు, అడుగున వేడి నిలుపు దూది వంటి పదార్థము. రెండవది జంట గాజు గొట్టములది. రెండు గాజుల నడుమ గాలి తీసివేయబడి యుండును. పునర్నియామకమునకు మొదటి జాతియే మేలు. దానిని విప్పవచ్చును, అతుకవచ్చును. గాజు గొట్టములు దారిలోనే పగులును. అవి కొనక తప్పనిచో, గొట్టపు కొనయందలి వెండి మెరుపును చూడుడు. ఆ మెరుపు తెల్లని మసకగా మారియున్నచో లోపలికి గాలి చొచ్చినదని అర్థము. ఆ గొట్టము పనికిరాదు.

సమతల ఫలకమునకు చేయవలసిన వైద్యపరీక్ష ఇది. ఒకటి: గొట్టముల మూడు మూతులను బిగించి, నాలుగవ మూతినుండి నీరు నింపి, దానికి కుళాయి ఒత్తిడినిచ్చి ఒక రాత్రి ఉంచుడు. ఎచ్చటనైన చెమ్మ కనిపించినచో అతుకు పని ఉన్నది. రెండు: గాజు లోపలివైపున ఆరని ఆవిరి మసక ఉన్నచో అడుగు దూది తడిసినదనుకొనవలెను; దానిని తీసి ఆరబెట్టుటయో, మార్చుటయో చేయవలెను. మూడు: ఎండలో నీరు పారించి, గాజు తీసి చూచినపుడు రేకు కాలుచు, గొట్టము చల్లగా ఉన్నచో రెంటికి నడుమ అతుకు విడిపోయినది. అట్టి దానిని రాగి ధరకు సైతము కొనవలదు. నాలుగు: నల్లపూతను చూడవలెను. శ్రేష్ఠమైన పూత ఎండను పీల్చుకొని, తన వేడిని తక్కువగా వెదజల్లును. అది పెచ్చులూడినచో మెరుపు లేని నల్లరంగు వేయవచ్చును. కాని ఆ రంగు పీల్చినంతగా వెదజల్లును గనుక ఫలము తగ్గును. ఐదు: గొట్టములలో సున్నపు పెచ్చు పట్టియుండును. నిమ్మ ఉప్పు కలిపిన నీటిని కొన్ని గంటలు నింపి ఉంచి, పిమ్మట శుభ్రముగా కడిగినచో చాలవరకు కరగును.

తొట్టి విషయములో నా మాట వేరు. ఫలకము పాతదైనను తొట్టి క్రొత్తదైన మంచిది. లోపల తుప్పు పట్టిన తొట్టికి చికిత్స లేదు. అది పైకి కనుపించదు.

ఇక పోస్టింగు. ఫలకము దక్షిణాభిముఖముగా నుండవలెను. ఢిల్లీ అక్షాంశము సుమారు ఇరువదియెనిమిదిన్నర డిగ్రీలు. చలికాలపు ఎండ కొరకు దానికి పది పదునైదు కలిపి, నలుబది డిగ్రీల వాలు పెట్టవలెను. హైదరాబాదులో ముప్పది చాలును. కావున ఉద్యోగ విరమణానంతరము స్వస్థలమునకు పోవునపుడు దీనిని వెంట తీసికొనిపోయి స్టాండు మార్చుకొనవచ్చును. డిసెంబరు 21 ప్రాంతమున ఢిల్లీలో మిట్టమధ్యాహ్నమైనను సూర్యుడు 38 డిగ్రీల ఎత్తునకు మించి రాడు. మూడడుగుల పిట్టగోడ నీడ అప్పుడు దాదాపు నాలుగడుగులు పడును. వేసవిలో చోటు చూచి బిగించినవారు పుష్యమాసములో నీడను చూచి విచారించెదరు.

వేడెక్కిన నీరు తేలికయై తనంత తానే తొట్టిలోనికి ఎక్కును, పంపు అక్కరలేదు. అయితే తొట్టి అడుగు ఫలకపు పై అంచుకంటె ఒక అడుగైనను ఎత్తున ఉండవలెను. లేనిచో రాత్రివేళ ప్రవాహము తలక్రిందులై, పగటి సంపాదన ఆకాశమునకు పోవును. గొట్టము ఫలకమునుండి తొట్టివరకు ఎక్కుచునే పోవలెను. మా ఇంట బిగించిన పనివాడు గొట్టమును పిట్టగోడ దాటించుటకై ఒకచోట ఎత్తి మరల దించినాడు. ఆ మలుపులో గాలి చిక్కుకొని, రెండు దినములు ఫలకము మరుగుచుండగా తొట్టిలోని నీరు చల్లగానే ఉన్నది. మలుపు తీసివేసిన మధ్యాహ్నమే నీరు కదలినది.

100 లీటర్ల నీటి బరువే 100 కిలోలు; తొట్టియు, స్టాండును దానికి అదనము. కావున క్రింద గోడగాని దూలముగాని ఉన్నచోటనే నిలుపవలెను. ప్రభుత్వ క్వార్టర్సులో నున్నవారు సంబంధిత కార్యాలయమునుండి వ్రాతమూలకముగా అనుమతి పొందక డాబాపై మేకు కూడ కొట్టరాదు. ఉమ్మడి డాబా అయినచో ఇరుగుపొరుగువారి సమ్మతియు అవసరము. ఫలకము ధర, రవాణా, మరమ్మతు కలిపి క్రొత్తదాని ధరలో సగము దాటినచో క్రొత్తదే కొనుడు. పొదుపు పేర ఖర్చు పెంచుకొనుట మన ఆర్థిక శాఖవారికి కూడ నచ్చదు.

చివరగా ఒక మనవి. గీజరున్న మనకు ఇది పొదుపు మాట. మన కాలనీల కాపలాదారులకు, పారిశుధ్య సిబ్బందికి, మన ఇండ్లలో పనిచేయువారికి ఇది పొదుపు మాట కాదు. వారిలో అనేకులు తెల్లవారుజామున బకెట్టులో కరెంటు కడ్డీ వేసి నీళ్ళు కాచుకొనుచున్నారు. తడిచేయి, నాసి తీగ, బకెట్టునిండ నీరు - ఈ మూడును కలిసినచో ఏమగునో చెప్పనక్కరలేదు. లేనిచో మంచువంటి నీటితోనే స్నానము ముగించుచున్నారు. మనలో పదిమంది కలిసి, ఒక మంచి పాత ఫలకమును పరీక్షించి కొని, క్రొత్త తొట్టి జతచేసి, అనుమతులు పొంది, వారు స్నానము చేయు చోట నిలిపినచో ఆ పది కుటుంబములకు ఒక్కొక్కరి వంతు పెద్ద భారము కాదు. దాని గాజును నెలకు రెండుమార్లు తుడుచు బాధ్యతను మాత్రము మనమే వంతులు వేసికొనవలెను. దుమ్ము పట్టిన ఫలకము ఎండను వసూలు చేయజాలదు.

ఈ పనికి ముందుకు వచ్చువారు సభానంతరము తమ పేర్లు కార్యదర్శిగారి వద్ద వ్రాయించవలసినదిగా కోరుచున్నాను. మొదటి పేరు నాది.