కంప్యూటరు మారినది – ఉత్తరములేవి?

ఉత్తరము అను మాటకు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో గల బరువు సామాన్యమైనది కాదు. వానలు మొగము చాటుచేసిన యేట కుటుంబములు ఊరు విడిచి పనికి పోవుట ఈ మెట్టసీమకు తరతరాల అనుభవము. పాలమూరు కూలీలు దేశములో ఎన్నియో ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. వారి క్షేమసమాచారము పోస్టుకార్డు మీద ఇల్లు చేరెడిది. చదువు రాని ఇంట పోస్టుమానే దానిని చదివి వినిపించెడివాడు. పిమ్మట ఆ కార్డును ఇనుపతీగకు గ్రుచ్చి గోడకు వ్రేలాడదీసెడివారు. ఆ తీగయే ఆ ఇంటి దస్త్రము. ఎప్పుడు ఏ అవసరము కలిగినను చేయి చాచిన అందెడిది.

తరువాతి తరము మరింత దూరము పోయినది. గత శతాబ్ది చివర సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల వంటి పట్టణముల నుండి సాంకేతిక విద్య నేర్చిన యువకులు సముద్రము దాటిరి. వారితోపాటు ఉత్తరము కూడ రూపు మార్చుకొన్నది. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు తీగమీద సందేశము పంపి, చిరునామాలో నేడు మనమందరము చూచుచున్న '@' గుర్తును ప్రవేశపెట్టెను. మన దేశములో ఇంటర్నెట్టు సామాన్య ప్రజలకు అందినది 15 ఆగష్టు 1995న. మొదట మహానగరములకు వచ్చిన ఆ సదుపాయము క్రమముగా టెలిఫోను తీగను పట్టుకొని జిల్లా పట్టణములకును వచ్చెను. భారత సంచార నిగమము వారి సంచార్‌నెట్ పేరు ఆ కాలమున కంప్యూటరు కొన్నవారికి గుర్తుండకపోదు.

ఆ దినములలో ఇంటర్నెట్టు వాడుకకు గంటల లెక్క ఉండెడిది. దానిపై టెలిఫోను బిల్లు వేరు. కావున ఇంటివారు ఒక ఉపాయము పాటించిరి. ఫోను కలిపి, వచ్చిన ఉత్తరములన్నింటిని ఒక్కమారుగా తమ యంత్రములోనికి దింపుకొని, వెంటనే ఫోను తెంపివేసి, తీరికగా చదువుకొనెడివారు. దీనికి అనువైన పద్ధతికి 'పాప్' అని పేరు. ఈ పద్ధతిలో మామూలుగా ఉత్తరము ఇంటి యంత్రములోనికి దిగగానే దూరమున ఉన్న సర్వరులో చెరిగిపోవును. అనగా ఆ ఉత్తరమునకు లోకములో ఉన్న ఒకే ఒక ప్రతి మన బల్లమీది కంప్యూటరులోనిది. ఆనాడు అది పొదుపు. ఆ పొదుపే నేటి చిక్కునకు మూలమైనది.

ఉత్తరములను దింపి దాచిపెట్టు సాఫ్టువేరు కూడ స్థిరముగా నిలిచినది కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉండెను. 2007లో విస్తా వచ్చినది. ఆ సాఫ్టువేరు పోయి విండోస్ మెయిల్ వచ్చినది. 2009లో విండోస్ 7 వచ్చినది. అందులో మెయిలు సాఫ్టువేరే లేదు. విండోస్ లైవ్ మెయిల్ అనుదానిని వేరుగా తెచ్చి పెట్టుకొనవలసి వచ్చినది. దానికిని 10 జనవరి 2017తో కాలము చెల్లెను. తరువాత విండోస్ 10తో వచ్చిన మెయిల్ అను సాఫ్టువేరుకు 2024 సంవత్సరాంతముతో మద్దతు ముగిసినది. దాని స్థానమున కొత్త ఔట్‌లుక్ వచ్చినది. ఇరువదియైదేండ్లు నిండకముందే ఒకే కంపెనీ పెట్టిన ఉత్తరాల పెట్టెకు ఇన్ని పేర్లు, ఇన్ని రూపములు! ప్రతి మార్పునందును కొందరి ఉత్తరములు దారి తప్పినవి.

ఇది ఎట్లు జరుగునో మన జిల్లాల అనుభవముతోనే చెప్పవచ్చును. 11 అక్టోబరు 2016న పాత నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడెను. పాత మహబూబునగరము నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడెను. 2019లో నారాయణపేట చేరెను. కొత్త కలెక్టరేటుకు బోర్డు వ్రేలాడదీయుట ఒక్క దినపు పని. కాని గద్వాల రైతు పాత ఫైలు మహబూబునగరపు బీరువాలో ఉన్నచో, ఎవరో ఒకరు దానిని మూటగట్టి తేవలెను. తెచ్చినదానిని ఏ అరలో పెట్టిరో వ్రాసి ఉంచవలెను. ఆ పని జరుగనంతవరకు కొత్త కార్యాలయములోని గుమాస్తా "మా వద్ద లేదు" అనును. ఆయన మాట అబద్ధము కాదు, ఫైలును నశింపలేదు. రెంటికిని నడుమ దారి లేదు, అంతే.

కంప్యూటరులో జరుగునదియు ఇదియే. విండోస్ అనునది కార్యాలయము, మెయిలు సాఫ్టువేరు గుమాస్తా, ఉత్తరములు ఫైళ్లు. కార్యాలయము మారినపుడు గుమాస్తాయు మారును. పాత గుమాస్తా కాగితములను తన పద్ధతిలో కట్టలు కట్టెను. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఒక్కొక్క అరలోని ఉత్తరములన్నింటిని ఒకే ఫైలుగా కట్టెను. విండోస్ లైవ్ మెయిల్ ఒక్కొక్క ఉత్తరమును ఒక్కొక్క ఫైలుగా దాచెను. ఆఫీసులలో వాడు ఔట్‌లుక్ సమస్తమును ఒకే పెద్ద పెట్టెలో పెట్టెను. ఒకరి కట్ట ముడి మరియొకరికి విప్పరాదు. కావున కొత్త సాఫ్టువేరు తెరువగానే ఖాళీ పెట్టె కనబడి ఇంటిల్లిపాది గుండె గుభేలుమనును.

ఇంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. యంత్రము మందగించినపుడు మనము దానిని బజారులోని మరమ్మతు దుకాణమునకు పంపుదుము. అచ్చటి కుర్రవాడు "ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేస్తాను, మీ ఫైళ్లన్నీ తీసి పెడతాను" అనును. అతడు మాట తప్పడు. డెస్క్‌టాపు మీదివి, డాక్యుమెంట్లలోనివి, ఫొటోలు, పాటలు తీసిపెట్టును. కాని మెయిలు ఫైళ్లు సాధారణముగా సి డ్రైవులో, కంటికి కనబడకుండ దాచియుంచిన ఫోల్డరులో ఉండును. అవి ఉన్నవని ఇంటివారు చెప్పరు. చెప్పనిదానిని అతడు వెదకడు. ఫార్మాట్ అనగా బీరువాను కడిగి తుడుచుట. దాని తరువాత ఏడ్చియు ప్రయోజనము తక్కువ.

పోయినది ఏమి? వ్యాపార పత్రములైన మరల సంపాదింపవచ్చును. పోచంపల్లి, గద్వాల చీరలకు వచ్చిన ఆర్డరుల లెక్క మరల అడిగి వ్రాసికొనవచ్చును. కాని దూరదేశమునకు పోయిన బిడ్డ మొదటి నెలలో వ్రాసిన ఉత్తరము, మనుమరాలి మొదటి ఛాయాచిత్రము, నేడు మన మధ్య లేని పెద్దవారు ఒక్కొక్క అక్షరము వెదకుకొని టైపుచేసిన నాలుగు వాక్యములు – ఇవి మరల ఎవరిని అడుగవలెను?

రెండవ చిక్కు పాస్‌వర్డుది. విండోస్ మారిన తరువాత సాఫ్టువేరు "పాస్‌వర్డు తప్పు" అనును. అది సరియైనదే అని మనము మొరపెట్టుకొందుము. ఇద్దరి మాటయు నిజమే. దొంగల బెడద పెరిగి, సర్వరులు నడుపువారు తలుపు గడియలు మార్చిరి. కేవలము పాస్‌వర్డు చెప్పి లోనికి వచ్చు పాత సాఫ్టువేరులను గూగుల్ సంస్థ సొంత ఖాతాల విషయమున 2022లో నిలిపివేసినది. మైక్రోసాఫ్టు సంస్థ 2024 సెప్టెంబరులో నిలిపివేసినది. పాత సాఫ్టువేరుతోనే పని గడుపుకొనవలెనన్నచో, గూగుల్ ఖాతాకు రెండంచెల తనిఖీ ఏర్పరచుకొని, అందులో 'ఆప్ పాస్‌వర్డు' అను 16 అక్షరముల వేరు సంకేతము తీసికొనవలెను. ఇంకొక సంగతి. పాస్‌వర్డును ఏండ్ల తరబడి యంత్రమే గుర్తుంచుకొన్నది గాని మనము గుర్తుంచుకొనలేదు. మరచినచో సహాయపడవలసిన ఫోను నంబరు ఎప్పుడో మార్చివేసినది కావచ్చును. రెండేండ్లు ఎవ్వరును తెరువని సొంత ఖాతాలను తొలగింపవచ్చునని గూగుల్ 2023లో నియమము చేసినది. కనుక పాత చిరునామా ఉన్నవారు దానిని అప్పుడప్పుడు తెరచి చూచుచుండుట మేలు.

మూడవ చిక్కు మన లిపిది. యూనికోడ్ అను సర్వభాషా సంకేత పట్టికలో తెలుగు 1991 నాటి తొలి ప్రతియందే ఉన్నను, అది వాడుకలోనికి వచ్చుటకు చాలకాలము పట్టెను. ఆ నడుమ కొందరు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాసిరి. మరి కొందరు అను ఫాంటుల వంటివి వాడిరి. ఈ ఫాంటులలో లోపల నిలువయైనవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. పైకి కనబడు రూపము మాత్రము తెలుగు. ఫాంటు లేని కొత్త యంత్రములో ఆ ఉత్తరము తెరచిన అర్థము లేని గీతలు కనబడును. ఉత్తరము చెడిపోలేదు, చదువు కన్ను లేదు. పాత ఫాంటు పెట్టినను, యూనికోడ్‌లోనికి మార్చు సాధనము వాడినను అది మరల పలుకును. విండోస్‌తో వచ్చిన యూనికోడ్ తెలుగు ఫాంటులకును స్థానచలనము తప్పలేదు. ఎక్స్‌పీ నాటి 'గౌతమి', విండోస్ 7 నాటి 'వాణి' విండోస్ 10లో అదనపు ఫాంటుల జాబితాలోనికి పోయినవి, కోరి తెప్పించుకొనవలెను. రేడియో వినువారికి వాణి పేరు పరాయిది కాదు గనుక ఈ మాట ప్రత్యేకముగా చెప్పితిమి. అవి లేకున్నను అక్షరములు చెడవు. 'నిర్మల' అను ఫాంటు వాటి పని చేయును.

ఇక చేయవలసినదేమి? యంత్రమును దుకాణమునకు పంపుటకు ముందే నాలుగు పనులు ముగింపవలెను. మొదటిది, మెయిలు సాఫ్టువేరు పేరేమి, ఉత్తరములు యంత్రములో ఉన్నవా, సర్వరులో ఉన్నవా తెలిసికొనవలెను. ఫోనులో అదే ఖాతా తెరచినపుడు పాత ఉత్తరములు కనబడనిచో అవి యంత్రములో మాత్రమే ఉన్నవని భావింపవలెను. రెండవది, దాచిన ఫోల్డరుతో సహా మెయిలు ఫైళ్లను రెండు వేరు వేరు చోట్ల, ఒకటి పెన్ డ్రైవులో, ఒకటి వేరొక డిస్కులో, ప్రతి తీయింపవలెను. తీసిన ప్రతిని తెరచి చూచినగాని తీసినట్లు లెక్క కాదు. మూడవది, చిరునామాల పట్టికను వేరుగా తీయవలెను; కొన్ని సాఫ్టువేరులలో అది ఉత్తరములతో కలిసి రాదు. నాలుగవది, చిరునామా, పాస్‌వర్డు, సర్వరు పేరు ఒక నోటుపుస్తకములో వ్రాసి భద్రపరుపవలెను.

పని మొదలైన తరువాత మధ్యలో కరెంటు పోయినచో అసలుకే మోసము. కావున యూపీఎస్ లేని ఇంట ఈ పని తలపెట్టరాదు.

ఫార్మాట్ చేయకుండ పాతదానిపైననే కొత్త విండోస్ వేసినచో కొంత ఊరట కలదు. 'విండోస్.ఓల్డ్' అను ఫోల్డరులో పాత కార్యాలయపు సామాను నిలువయుండును. విండోస్ 10, 11లలో దానికి గడువు సాధారణముగా పది దినములు మాత్రమే. ఆపై యంత్రమే తుడిచివేయును. కనుక ఉత్తరములు కానరాకున్న తొలిదినమే వెదకవలెను. పండుగకు ఇంటికి వచ్చు అబ్బాయి చూచునులే అని వాయిదా వేయరాదు. ఫార్మాట్ అయిపోయినను ఆ యంత్రమును వెంటనే ఆపివేసి, అందులో మరేమియు వ్రాయకుండ, పోయిన ఫైళ్లను వెలికితీయు పని తెలిసినవారికి చూపిన కొంత దక్కవచ్చును. కొత్తరకపు ఎస్‌ఎస్‌డీ డిస్కులలో ఆ ఆశ తక్కువ.

దొరికిన పాత ఫైళ్లకు కొత్త ఇల్లు కావలెను. థండర్‌బర్డ్ అను ఉచిత సాఫ్టువేరు 2004 నుండి ఉన్నది. అది ఉత్తరములను సాదా పాఠముగా దాచును గనుక రేపు మరియొక సాఫ్టువేరు వాటిని చదువుట సులభము. ఇకముందు 'ఐమ్యాప్' పద్ధతి అవలంబించుట మంచిది. అందులో ఉత్తరములు సర్వరులో నిలుచును, ఇంటను ఫోనులోను ఒకే విధముగా కనబడును. కాని ఒకచోట తుడిచినది అన్నిచోట్ల తుడిచిపోవును గనుక, అప్పుడప్పుడు ఇంటిలో ఒక ప్రతి తీసి ఉంచుట మానరాదు.

ఈ విషయము నేడు చెప్పుటకు కారణమున్నది. విండోస్ 10కు సాధారణ మద్దతు 14 అక్టోబరు 2025న ముగిసినది. విండోస్ 11కు 'టీపీఎం 2.0' అను భద్రతా సాధనము కావలెను. అది పాత యంత్రములలో అనేకమునకు లేదు. కావున చాల ఇండ్లలో యంత్రమునే మార్చుచున్నారు. పాతది అటకెక్కును, లేదా పాతసామానువానికి పోవును. దానిని అమ్ముటకు ముందు అందులో ఎవరి ఉత్తరములున్నవో ఇంటిలోని పెద్దవారిని ఒక్క మాట అడుగుడు. వారికి సాఫ్టువేరు పేరు తెలియకపోవచ్చును. ఎవరు ఏ యేట ఏమి వ్రాసిరో మాత్రము చెప్పగలరు. ఆ పేర్లు, ఆ యేడులు కాగితముపై వ్రాసికొని వెదకిననాడు, ఏమి దొరికినదో ఏమి దొరకలేదో తెలియును. యంత్రమును ఆ తరువాతనే ఇల్లు దాటింపుడు.