విశ్వవిద్యాలయమున కొలువు



మన గోదావరీసీమలో పిల్లవాడు ఎం. ఏ. పట్టము పుచ్చుకొని యింటికి రాగానే, అరుగుమీది పెద్దలము మనమడుగు మొదటి ప్రశ్న "ఉద్యోగ మెప్పుడు?" అని. రెండవ ప్రశ్న "ఎవరినైనను పట్టుకొంటివా?" అని. ఈ రెండవ ప్రశ్నను గూర్చియే నేడు మనవి చేయదలచితిని. దాని నడిగి నష్టపడినవారిలో నేనొకడను.

కొన్నియేండ్ల క్రిందట మా తమ్ముని కుమారునకు విశ్వవిద్యాలయమున అధ్యాపకపదవి నిప్పించెదనని యొక మధ్యవర్తి మా యింటికి వచ్చెను. ఇంటికి పెద్దవాడనై యుండి, నేనే అరయెకరము కొబ్బరితోటను అమ్మించి ఆ సొమ్ము వాని కిప్పించితిని. పదవియు రాలేదు, సొమ్మును రాలేదు. తోట పోయినదానికంటె, "పెదనాన్నా, నేను చదివిన చదువు చాలదా?" అని పిల్లవా డడిగిన మాట నన్నెక్కువ బాధించినది.

పిదప నేనును వానితో కూర్చుండి నిబంధనలు చదివించుకొంటిని. అవి రహస్యములు కావు. సహాయాచార్య పదవికి ఎం. ఏ. వంటి పట్టమున నూటికి 55 మార్కులు వలయును. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులు మొదలగువారికి 50 చాలును. దానిపై 'నెట్' అను జాతీయపరీక్షలో గాని, మన రాష్ట్రపు 'సెట్' పరీక్షలో గాని కృతార్థుడు కావలెను. నిబంధనానుసారముగా పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందినవారికి ఆ పరీక్షనుండి మినహాయింపు కలదు.

విశ్వవిద్యాలయమన బోధించువారు మాత్రమే కాదు. రిజిస్ట్రారు కచేరి, పరీక్షలశాఖ, లెక్కలశాఖ, గ్రంథాలయము, ప్రయోగశాల, ఇవన్నియు మనుష్యులతోనే నడచుచున్నవి. బి. కాం. చదివినవాడును, గ్రంథాలయశాస్త్రము చదివినవాడును అచ్చటి ప్రకటనలను కనిపెట్టుకొని యుండవచ్చును.

పూర్వము మనవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయమే దిక్కు. అది 1926లో బెజవాడలో పుట్టి, పిమ్మట వాల్తేరు చేరినది. ఇప్పుడన్ననో రాజమహేంద్రవరమున 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమును, వెంకట్రామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయమును వెలసినవి. 1946లో నెలకొన్న కాకినాడ ఇంజనీరింగు కళాశాల 2008లో విశ్వవిద్యాలయమైనది.

ప్రకటన వచ్చినప్పుడు పదవు లెన్ని, ఏ శాఖలో, ఏ వర్గమునకు, గడువెప్పుడు అను నాలుగు సంగతులు చూడవలెను. దరఖాస్తు రుసుమును విశ్వవిద్యాలయము పేరిటనే చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. రసీదు లేని పైకము రుసుము కాదు. అది మన తోటకు పట్టిన తెగులు.

మావాడు రెండుమారులు పరీక్ష తప్పి మూడవమారు గెలిచెను. ఇంకను స్థిరమైన పదవి రాలేదు. ఒక కళాశాలలో తాత్కాలికముగా పాఠములు చెప్పుకొనుచు, ప్రతి ప్రకటనకును దరఖాస్తు పెట్టుచున్నాడు. కాని నా యెదుట తలయెత్తి నిలుచుచున్నాడు. నేనే వాని యెదుట తల దించుకొనుచున్నాను.

కావున పెద్దలారా, ఇకమీద మీ పిల్లవాడు పట్టముతో వచ్చినప్పుడు "ఎవరిని పట్టుకొంటివి?" అని యడుగకుడు. "ప్రకటన చూచితివా? పరీక్ష యెప్పుడు?" అని యడుగుడు. తోటను ఉంచుకొనుడు, దాని ఫలసాయమున పుస్తకములు కొని యిండు.