తార్నాకలో మొరాయించిన మారుతి

తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్తుంటే మీ పాత కార్బ్యురేటర్ మారుతి 800 ఆగిపోయిందనుకోండి. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. చాలామంది ముందు ప్లగ్గుల మీద పడతారు. నేనైతే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పమంటాను. సెల్ఫ్ కొడుతున్నప్పుడు లోపలి రోటర్ కదలకపోతే టైమింగ్ బెల్టు తెగిందేమో చూడాలి. రోటర్‌ను తిప్పేది క్యామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పేది ఆ బెల్టే మరి! ఇంజిన్ మామూలుకన్నా తేలిగ్గా తిరగడం మరో గుర్తు. రోటర్ తిరుగుతుంటే అప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ చూడండి. అదీ బాగుంటే, బెల్టు ఒక పన్ను జారిందేమోనని మెకానిక్ చేత టైమింగ్ గుర్తులు సరిచూయించండి. పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్‌కు ఈ బెడద లేదు, అందులో ఉండేది గొలుసు. బెల్టు తెగిందని తేలితే మాత్రం మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చండి.