కాల్చని ఇటుక, కదలని మూకుడు

పుదుచ్చేరికి ఆనుకుని, తమిళనాడులో ఆరోవిల్ అనే ఊరు ఉంది. 1968లో మొదలైనప్పుడు అక్కడ చెట్టునీడకే కరువు. వానొస్తే ఎర్రమట్టి కొట్టుకుపోయేది. వచ్చినవాళ్లు ముందు గట్లు వేసి నీటిని ఆపారు, మొక్కలు నాటారు.

అక్కడి ఇళ్లలో నాకు నచ్చింది ఇటుక. దాన్ని కాల్చరు! కాస్త తడిపిన మట్టిలో సుమారు 5 శాతం సిమెంటు కలిపి, మరలో గట్టిగా నొక్కుతారు. నాలుగు వారాలు తడి ఆరనివ్వకుండా ఉంచితే బిగుసుకుంటుంది. బట్టీ లేదు, కట్టెలు లేవు, పొగ లేదు. అలాగని ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. ఇసుక, బంకమన్ను పాళ్లు కుదరాలి. మన నల్లరేగడి లాంటి జిగట నేలైతే సిమెంటు కన్నా సున్నమే నయం.

ఇక ఉమ్మడి వంటశాల. కప్పు మీద 15 మీటర్ల వెడల్పున, అద్దాలు పరిచిన మూకుడు. అది కదలదు, ఎండ కేంద్రీకరించే చోటు పొద్దుతో పాటు జరుగుతుంటే, దాని వెంట ఒక గొట్టం కదులుతుంది. ఆ వేడితో పుట్టిన ఆవిరి, ఎండ బాగా కాసిన రోజున, సుమారు వెయ్యి మందికి వండిపెడుతుంది.

మబ్బు పడితేనో? డీజిల్ బాయిలర్ వెలిగించాల్సిందే.