పనిముట్టు మారిన పాతపని నిలుచునా?



నేటి ప్రసంగము కంప్యూటరునకు సంబంధించినది. ఆ యంత్రముతో మాకేమి పనియని మీలో కొందఱు తలపవచ్చును. పింఛను, బ్యాంకి లెక్క, పొలము పత్రములు, రేషను సరకు నిప్పుడు దానిమీదనే నడచుచున్నవి గనుక, అది యెట్లు చెడునో తెలిసికొనుట మనకును అవసరమే. యంత్రము విఱిగి చెడుట యందఱెఱిగినదే. ఎవ్వరును ముట్టకుండగనే, నిన్నటివఱకు సాగిన పని నేడు నిలిచిపోవుట యెట్లో అదియే నేను విన్నవింపదలచినది.

కంప్యూటరుచేత పనిచేయించు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్ట్‌వేరని పేరు. దానిని మనుష్యుడే అక్షరములతో వ్రాయును. వ్రాసినంతమాత్రమున నది పనికిరాదు. దానిని మూటగట్టి, యంత్రములో నెచ్చట నేది యుండవలెనో యచ్చట నమర్పవలెను. ఈ కూర్పుపనికి వేఱుగ పనిముట్లు కలవు. ఇటుకకు అచ్చు ఎట్టిదో సాఫ్ట్‌వేరున కివి యట్టివి. అచ్చు మారినంతమాత్రమున నిలిచియున్న గోడకు భయములేదు. ఆ గోడనే పడగొట్టి మఱల కట్టబోవునాడు గదా చిక్కు!

పైథాన్ అను కంప్యూటరు భాష యొకటి కలదు. లోకమున మిక్కిలి వాడుకలో నున్న భాషలలో నదియొకటి. 2000వ సంవత్సరమునుండి ఆ భాషతోడనే డిస్ట్‌యుటిల్స్ అను కూర్పు పనిముట్టు వచ్చుచుండెను. దానిని తొలగింతుమని 2021లో ముందుగ తెలిపి, 2023 అక్టోబరున వెలువడిన 3.12వ కూర్పులో తొలగించిరి. దానినే నమ్ముకొనియున్న పాత మూటలు క్రొత్త పైథానుతో నమరక పోయినవి. ఇది పెద్ద మార్పు, తెలియజెప్పి చేసినదే. ఇంతకంటె విచిత్రమైనది ఒక గీతవలన వచ్చిన తంటా.

డిస్ట్‌యుటిల్స్‌నకు వారసుగా నిలిచినది సెట్‌అప్‌టూల్స్ అను పనిముట్టు. ప్రతి మూటతోడను దాని వివరములు తెలుపు చిన్న పత్రముండును. అందు ‘డిస్క్రిప్షన్’ అను మాటకును ‘ఫైల్’ అను మాటకును నడుమ కొందఱు అడ్డుగీత పెట్టిరి, కొందఱు అడుగుగీత పెట్టిరి. రెండును చెల్లుచుండెను. అడ్డుగీత తగదని 2021 మొదలు ఆ పనిముట్టు హెచ్చరించుచు వచ్చెను. 2025 మార్చిలో వెలువడిన 78వ కూర్పు అడ్డుగీతను బొత్తిగ నిరాకరించెను. రిజిస్ట్రారు కచేరిలో పాత దస్తావేజును, అక్షరమొకటి పాతరీతిని వ్రాసినారని త్రోసివేసినట్లయ్యెను. ఎన్నో యేండ్లుగ మారని మూటలు అమరుట మానినవి.

పనిముట్టు మార్చినవారొకరు, నష్టపడినవారు వేఱొకరు. వీరికి ముడి యెట్లు పడినది? మూలమునుండి కట్టవలసిన మూట యెదురైనపుడు, పిప్ అను అమర్చు సాధనము క్రొత్తగ నొక తావు చేసికొని, ఫలాని కూర్పే కావలెనని పత్రములో చెప్పియుండనిచో, సెట్‌అప్‌టూల్స్ యొక్క సరిక్రొత్త కూర్పును తెచ్చుకొనును. ఈ కాలమున సంస్థలవారు చిన్న మార్పు చేసినను సర్వమును మొదటినుండి కట్టుట పరిపాటి. కావున ఉదయము వెలువడిన పనిముట్టు సాయంకాలమునకే వేలకొలది యంత్రములకు చేరగలదు. ముందుగనే కట్టియుంచిన మూటలను వాడినవారికి మాత్రము బాధ కలుగలేదు.

నాలుగేండ్లు హెచ్చరించితిమిగదా యని పనిముట్టువారనిన, అది యబద్ధము కాదు. అయినను ఆ హెచ్చరిక యెవరి చెవిని బడినది? మూటను అమర్చుకొనువాని తెరమీద నూఱు పంక్తుల నడుమ నొక పంక్తియై పోయెను. పత్రమును దిద్దగలవాడు దానిని వ్రాసినవాడు. అతడు ఆ పని మానుకొని యెంతకాలమైనదో! వలసపోయిన యూరిలో టముకు వేసి, వినలేదని తప్పుపట్టుట న్యాయమని నాకు తోచదు. పనిముట్టువారును మొండిపట్టు పట్టలేదు. రెండు దినములైనను గడువకమునుపే ఆ నిషేధమును వెనుకకు దీసికొని, 2026వ సంవత్సరమునకు ముందుగ దిద్దుకొనుడని గడువిచ్చిరి. వీరిలో పలువురు జీతము లేక పనిచేయువారని కూడ మఱవరాదు.

ఇట్టి చిక్కు తప్పించుకొనుటకు, ఫలాని కూర్పునే వాడుమని పనిముట్టును బిగించి వ్రాయు పద్ధతి కలదు. అట్లు చేసినవారికి ఆ మార్చి నెలలో నిద్ర చెడలేదు. కాని బిగించినదానిని అప్పుడప్పుడు విప్పి చూడకున్న, దొంగలు దూరు కంతలు పూడ్చుటకై వచ్చు దిద్దుబాట్లును అందవు. ఎప్పుడు విప్పవలెనో నిర్ణయించు మనుష్యుని పేరు ప్రతి కచేరిలోను వ్రాసి గోడకు తగిలింపవలసియున్నది. పెక్కు తావుల నట్టి పేరే లేదు.