సత్రం గదులు – కంప్యూటరు పేజీలు
(బోయినపల్లిలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కంప్యూటరు కొలువుల్లో ఉన్న మన పిల్లలు చేసే పని ఏమిటో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకు తెలిసింది ఒక్క సంగతి. అదీ మా అబ్బాయితో తగువు పడి తెలుసుకున్నదే.

మొన్న దసరాకు వాడు ఇంటికి వచ్చి, జమ్మి చెట్టు దగ్గరికి కూడా రాకుండా రాత్రంతా పెట్టె ముందే కూర్చున్నాడు. కోప్పడ్డాను. "బాపూ, ఒక దవాఖాన సర్వరు. స్కాను బొమ్మలు డాక్టరుకు ఆలస్యంగ పోతున్నయి. మెమరీ ఖాళీగనే ఉన్నది, అయినా వచ్చిన ప్యాకెట్లు పడిపోతున్నయి" అన్నాడు. ఖాళీ ఉంటే ఎందుకు పడిపోతాయి అన్నాను. అప్పుడు వేములవాడ సత్రం లెక్క చెప్పాడు.

కంప్యూటరు మెమరీని పేజీలుగా పంచుతారు. చాలా యంత్రాల్లో పేజీకి 4,096 బైట్లు. అది సత్రంలో ఒక గది అనుకోండి. తీగ మీద సమాచారం ప్యాకెట్లుగా వస్తుంది. మామూలుగా ఒక్కోదానిలో 1,500 బైట్లకు మించదు. వచ్చే ప్యాకెట్లకు ముందే గదులు సిద్ధం చేసి ఉంచే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. (మన ఆర్టీసీ డ్రైవరు కాదు, ఈయనది సత్రం గుమాస్తా పని.)

ప్యాకెట్టుకొక గది ఇస్తే సగానికి పైగా జాగా వృథా. గదిని 2,048 చొప్పున రెండు చేసి ఇద్దరిని దించితే ఆదా. ఇంటెల్ కార్డులకు లినక్సులో రాసిన కొన్ని డ్రైవర్లు ఈ పద్ధతే పట్టాయి. సర్వీసంతా స్టోర్సు లెక్కలు రాసిన నాకు ఇదే సబబనిపించింది. వాడు నవ్వాడు. "ఒకాయన కోడె మొక్కు తీర్చుకొని తెల్లారే పోయిండు. ఇంకో ముసలాయన మూటతోని మూడు రోజులు అండ్లనే ఉన్నడు. గది ఖాళీ అయినట్టా, కానట్టా?"

చిక్కంతా అక్కడే ఉంది. ఒక ముక్కను ఎవరైనా పట్టుకొని ఉన్నంతసేపు పేజీ మొత్తం వెనక్కి రాదు. 60 బైట్ల చిన్న ప్యాకెట్టు కూడా గది అంతటినీ ఆపగలదు. అందుకని కొన్ని డ్రైవర్లు చిన్నవాటిని వేరే చిన్న అరలోకి నకలు చేసి గదిని విడిపిస్తాయి. నకలుకు శ్రమ ఖర్చు.

ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండదు. 10 గిగాబిట్ల తీగ మీద నిండు ప్యాకెట్లు సెకనుకు 8 లక్షలకు పైగా రాగలవు. గది అప్పటికప్పుడు దొరకాలి, లేకుంటే ప్యాకెట్టు పోయినట్టే. పంపినవారు మళ్లీ పంపుతారు. చూసేవారికి అది ఆలస్యం.

ఆ దవాఖానలో వేగం కోసం 9,000 బైట్ల పెద్ద ప్యాకెట్లు పెట్టుకున్నారట. దానికి మూడు గదులు కావాలి. కాని మెమరీలో వరుస గదులు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది లెక్కనే ఇస్తారు. కనుక పక్కపక్కన నాలుగు కావాలి. శివరాత్రి జాతర పూట సత్రంలో అక్కడొకటి ఇక్కడొకటి గదులు ఖాళీ ఉండవచ్చు, పక్కపక్కన నాలుగు మాత్రం దొరకవు. నెలల తరబడి నడిచిన సర్వరు గతీ అదే. ఖాళీ ఉండీ లేకపోవడమంటే ఇదన్న మాట!

మావాడు ప్యాకెట్టును మూడు విడి గదుల్లో దించే ఏర్పాటు చేశాడు. ఖాళీ అయిన గది తాళాన్ని ప్రతిసారి ఆఫీసుకు పంపక గుమాస్తా సొరుగులోనే ఉంచుకునే పద్ధతి ఒకటి ఉంది. జెస్పర్ బ్రోయర్ అనే ఇంజనీరు రాసిన ఆ 'పేజీ పూల్' 2018లో లినక్సులో చేరింది. దానినీ వాడుకున్నాడు. సొరుగులో ఉన్న తాళం ఇంకొకరికి పనికిరాదు కదా అన్నాను. నిజమే అన్నాడు.

నా పొదుపు బుద్ధి పూర్తిగా వృథా కాలేదు లెండి. కొన్ని పెద్ద యంత్రాల్లో పేజీ 64 కిలోబైట్లు. ఒక వరుసకు 1,024 గదులు, అట్లాంటివి 16 వరుసలు సిద్ధంగా ఉంచితే రాబోయే ప్యాకెట్ల కోసమే ఒక గిగాబైటు కట్టిపడేసినట్టు. "ఆడ మాత్రం నువ్వు చెప్పినట్టు గదిని ముక్కలు చెయ్యవలసిందే బాపూ" అని వాడే ఒప్పుకున్నాడు.

తెల్లవారి ఫోను వచ్చింది, బొమ్మలు వేళకు అందుతున్నాయని. నేను తెచ్చి దాచిన జమ్మి ఆకు అప్పుడు వాడు నా చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, పొద్దుగూకేదాకా నిద్రపోయాడు.